చలవమేస్త్రి తప్పు

పోయినవారం మనం కోర్టమ్మను పెరటి బాల్కనీలో వదిలేసి వచ్చాం. చేతిలో తడిసి బరువెక్కిన నీలం గుడ్డముక్క, వీధి తలుపు దగ్గర పట్టు వదలకుండా మోగుతున్న బెల్లు.

కోర్టమ్మ అంటే జడ్జీ కాదు, వకీలూ కాదు. సాక్షులు చెప్పింది చెప్పినట్టు టైపు చేసే ఉద్యోగం ఆమెది. అయినా వీధివాళ్ళకు ఆమే కోర్టు. ఇద్దరు మాటా మాటా అనుకుంటే సర్దిచెప్పేది ఆమె, ఎవరికైనా నోటీసు వస్తే చదివి అర్థం చెప్పేది ఆమె. అంత బరువున్న ఆమె మాట ఈ మధ్య ఒక మనిషి నెత్తిన పడింది.

ఆ మనిషి చలవమేస్త్రి. చుట్టుపక్కల ఏ ఇంట్లో ఏసీ తిరిగినా అది ఆయన బిగించిందే కాబట్టి జనం ఆ పేరు పెట్టారు. ఎండలకు నిద్రపట్టక అల్లాడిపోతున్న అత్తగారి కోసం కోర్టమ్మ పట్టుబట్టి ఆయన చేతే ఏసీ పెట్టించింది. యంత్రం అత్తగారి గదిలో. దాంట్లోంచి వచ్చే నీళ్ళు పోవడానికి హాలు సీలింగు లోపలినుంచి ఒక పైపు, దాని కొస పెరటి బాల్కనీ పక్కన బయటికి. కొద్దిరోజులు హాయిగా గడిచాయి. ఒక పొద్దున హాలు సీలింగు నీళ్ళు తాగి తాగి విరిగి కిందపడింది. ఆ నీళ్ళలో జారి అత్తగారు కాలు విరగ్గొట్టుకుంది.

కోర్టమ్మ ఆస్పత్రినుంచి నేరుగా మేస్త్రి షాపుకు వెళ్ళింది. నలుగురూ వింటుండగా నోటికొచ్చినన్ని మాటలు అంది. ఇంటికొచ్చి వీధి సంఘానికి ఫిర్యాదు టైపు చేసి పంపింది. ఆమె టైపు చేస్తే ఇక తిరుగేముంది? వీధి చివరి బడివాళ్ళు తరగతి గదులన్నిటికీ ఏసీలు బిగించే పని ఆయనకు ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కి తీసుకున్నారు.

ఇదంతా అయ్యాక, పోయినవారం కథ చివర్లో, బాల్కనీ కడుగుతూ ఆమె పైపు కొస వైపు చూసింది. అందులో కుక్కి ఉంది తన పాత చున్నీ ముక్క. చూడగానే గుర్తొచ్చింది. కిందింటావిడ మనవడి పుట్టినరోజు. పెరట్లో బల్లలు వేసుకున్నారు. ఆ బల్లల మీద ఏసీ నీళ్ళు టపటపా పడుతున్నాయని కిందింటావిడ మెట్లెక్కి వచ్చి బతిమాలింది. పోనీలే పాపం, కాసేపే కదా అని కోర్టమ్మ పైపులో గుడ్డ కుక్కింది. సాయంత్రం తీసేద్దామనుకుంది. కోర్టు పని ఇంటికి తెచ్చుకోవడంతో ఆ పనిలో పడి మరిచిపోయింది. ఆ రాత్రంతా ఏసీ తిరుగుతూనే ఉంది. మర్నాడే సీలింగు పడింది.

ఆమె గుడ్డ పీకగానే పైపులో నిలిచిన నీళ్ళు భళ్ళున కింది పెరట్లో పడ్డాయి. సరిగ్గా అప్పుడే బెల్లు మోగింది.

కోర్టమ్మ అటూ ఇటూ చూసింది. తన ఇంట్లో తనే దొంగలా చూసింది. వాషింగ్ మెషీన్ మూత ఎత్తి, మాసిన బట్టల అడుగున గుడ్డను తోసి, చేతులు చీరకు తుడుచుకుని వెళ్ళి తలుపు తీసింది.

ఎదురుగా చలవమేస్త్రి. భుజాన నిచ్చెన, చేతిలో పనిముట్ల సంచి. ఆయన ఇదివరకు ఆమెను అక్కగారూ అనేవాడు. గడప బయటే చెప్పులు విప్పి, తల వంచుకుని అన్నాడు.

"మేడం, గొడవకి రాలేదు. ఆ పైపు ఒక్కసారి నా కళ్ళతో చూసుకుని, చెడింది బాగుచేసి వెళ్ళిపోతాను. మీరు నాతో మాట్లాడక్కర్లేదు."

అక్కగారూ పోయి మేడం వచ్చిందని ఆమెకు మొదటిమాటలోనే తెలిసింది. పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.

"మీ తమ్ముడు రాలేదా?" నిచ్చెన మోస్తున్నది ఆయనే కావడంతో అడిగింది. మామూలుగా బరువులు మోసేది తమ్ముడు.

"రాలేదు."

ఆయన సోఫా మీద తన సంచిలోని పాత దుప్పటి తీసి కప్పాడు. సున్నం రాలి సోఫా పాడవకుండా. ఆ సోఫా అప్పటికే సీలింగు ముక్కలు పడి ఒకచోట చిరిగి ఉంది. ఆయన ఆ చిరుగును చూశాడు, దాని మీద దుప్పటి సరిచేశాడు. సీలింగు విరిగినచోట నల్లటి కంత నోరు తెరుచుకుని ఉంది. దాని కింద నిచ్చెన వేసుకుని, టార్చిలైటు పళ్ళ మధ్య బిగించి పైకెక్కి తల లోపల పెట్టాడు. హాల్లో ఆయన నడుము నుంచి పాదాల వరకే కనపడుతోంది. అరికాళ్ళు పగిలి ఉన్నాయి.

కోర్టమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. చెప్పేస్తే అయిపోతుంది. గుడ్డ పెట్టింది నేనే మేస్త్రీ, మరిచిపోయాను. ఇంతే కదా. కావాలని చేసింది కాదు. పక్కవాళ్ళకి సాయం చెయ్యబోయి చేసింది.

ఆ మాట గొంతుదాకా వచ్చి, అత్తగారి గదిలోంచి వినిపించిన దగ్గుకు ఆగిపోయింది. తప్పు ఏసీదైతే అత్తగారి కాలు మేస్త్రి విరగ్గొట్టినట్టు. తప్పు గుడ్డదైతే తను విరగ్గొట్టినట్టు. ఊరినుంచి రేపు బస్సు దిగి ఇంటికొచ్చే భర్త తల్లి మంచం పక్కన కూర్చుని ఆ కట్టు చూస్తాడు, తర్వాత తనను చూస్తాడు. ఇక వీధిలో వాళ్ళంటారా, లోకానికి సాక్ష్యాలు రాసిపెట్టే ఆవిడ తన సంగతి తను చూసుకోలేకపోయిందే అని నవ్వుకుంటారు.

"మేడం, ఒక మగ్గు నీళ్ళు ఇప్పిస్తారా?"

తెచ్చింది. ఆయన కిందకి దిగి, అత్తగారి గదిలోకి వెళ్ళి, నిద్రలో ఉన్న ఆవిడను లేపకుండా ఏసీ మూత తెరిచి ఆ నీళ్ళు నెమ్మదిగా లోపల పోశాడు. చెవి గోడకు ఆనించి విన్నాడు. గోడలోంచి, తర్వాత సీలింగులోంచి, తర్వాత పెరటివైపునుంచి నీళ్ళు జారిన చప్పుడు సన్నగా వినపడింది. ఆయన మొహంలో సంతోషం కనపడలేదు. మళ్ళీ నిచ్చెన ఎక్కి వేలితో ఒకచోట తడిమి, ఆ వేలిని వెలుగులో చూసుకున్నాడు.

"ఇటు చూడండి మేడం. ఈ మెత్తటి గొట్టం వెళ్ళి గట్టి పైపులో దూరే చోటు. ఈ కీలు దగ్గర మరక కట్టింది. నీళ్ళు బయటికొచ్చింది ఇక్కడే."

"ఇప్పుడు రావటం లేదుగా."

"అదే నాకూ అర్థం కావటం లేదు. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు. ముందు దారి బాగుంటే నీళ్ళు వెనక్కి చూడవు. ఎక్కడో అడ్డం పడితేనే వెనక్కి తన్నుకొచ్చి ఇలాంటి కీళ్ళ దగ్గర కారతాయి. పోనీ అడ్డం ఉందా అంటే లేదు. నీళ్ళు నున్నగా వెళ్ళిపోయాయి, మీరూ విన్నారు." ఆయన నిచ్చెన మీదే కూర్చుని ఆమె వైపు చూశాడు. "ఈ పైపు కొస మీ బాల్కనీలోకే కదా వస్తుంది. దాన్ని ఎవరైనా ముట్టుకున్నారా మేడం? ఏదైనా పెట్టటం, వంచటం లాంటిది?"

అడగవలసిన ప్రశ్న అది. అడిగిన తీరులో అనుమానం లేదు. డాక్టరు రోగిని అడిగినట్టు అడిగాడు.

"నాకు తెలియదు," అంది కోర్టమ్మ.

ఉద్యోగంలో ఆమె వేళ్ళకు బాగా అలవాటైన మాట అదే. ఎంతమంది సాక్షులు ఆ మాట అంటే ఎన్నిసార్లు టైపు చేసిందో. నిజంగా తెలియనివాడు కాసేపు ఆలోచించి చెప్తాడు. తెలిసినవాడు ప్రశ్న పూర్తికాకముందే చెప్తాడు. వాళ్ళ మొహంలోకి చూడకుండానే ఎవరు ఏ రకమో ఆమె పోల్చుకునేది. ఇప్పుడు తను రెండో రకంలో చేరింది.

చలవమేస్త్రి మాత్రం కోర్టు మొహం చూసినవాడు కాదు. తల ఊపాడు. నమ్మాడు. ఆయన నమ్మకపోయి ఉంటే, గట్టిగా నిలదీసి ఉంటే, ఆమెకు కొంత తేలిగ్గా ఉండేది.

"అయితే మావాడి తప్పే," అన్నాడు.

"ఎవరి తప్పు?"

"మా తమ్ముడిది. ఈ కీలు బిగించింది వాడు." ఆయన టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నాడు. "ఆ రోజు మీరు షాపుకొచ్చి వెళ్ళాక వాణ్ణి పిలిచి అడిగాను. అన్నా, నా పిల్లల మీద ఒట్టు, గట్టిగానే బిగించాను అన్నాడు. ఒట్లు వేస్తే నీళ్ళాగుతాయా అన్నాను. మాట మీద మాట పెరిగింది. చెయ్యి చేసుకున్నాను మేడం. వాడేమన్నా పసివాడా, గడ్డం నెరుస్తోంది. వాడి పెళ్ళాం ముందర, నా పెళ్ళాం ముందర కొట్టాను. ఒకే కప్పు కింద ఉంటున్నాం మేం. వాడు తిరిగి ఒక్కమాట అనలేదు. పెళ్ళాం పిల్లల్ని తీసుకుని, సామాను ఆటోలో వేసుకుని వెళ్ళిపోయాడు. ఫోను చేస్తే తియ్యడు."

కోర్టమ్మ నిచ్చెన వైపు ఒక అడుగు వేసింది.

"ఇవాళ పొద్దున అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. ఒకవేళ వాడు నిజమే చెప్పాడేమో, అన్యాయంగా కొట్టానేమో అనిపించింది. వెళ్ళి చూసుకుంటేగానీ ఉండలేననిపించి వచ్చాను. చూశాను. అడ్డం ఏమీ లేదు. కీలే వదులు." ఆయన నిట్టూర్చి, మొహం తుడుచుకుని, మొదటిసారి కొద్దిగా నవ్వాడు. "ఒకందుకు మనసు కుదుటపడింది మేడం. కొట్టింది ఊరికే కాదులే."

ఆ నవ్వు చూడలేక కోర్టమ్మ తల తిప్పుకుంది. తను అన్నది ఒక్క మాట. ఆ మాటతో ఆయన తమ్ముడు రెండోసారి దెబ్బ తిన్నాడు. ఈసారి తమ్ముడు ఎదురుగా కూడా లేడు, ఒట్టు వేసుకోవడానికి.

ఆయన కీలును మళ్ళీ బిగించి, జిగురు రాసి, దాని మీద పట్టీ చుట్టాడు. ఎవరో చూస్తారని కాదు, ఎవరూ చూడకపోయినా గట్టిగా ఉండాలన్నట్టు చుట్టాడు. నిచ్చెన దిగాక కూడా వెళ్ళలేదు. సంచి బొత్తాం పెడుతూ తీస్తూ నిలబడ్డాడు.

"పెద్దమ్మగారిని ఒకసారి చూసి వెళ్ళనా?"

వద్దని ఏ మొహంతో అంటుంది? గదిలోకి దారి చూపించింది.

అత్తగారు మేలుకునే ఉంది. కట్టు కట్టిన కాలు దిండు మీద, చేతిలో విసనకర్ర. ఏసీ ఆపేసినప్పటినుంచి ఆవిడకు అదే గతి. నోరు మూతపడని మనిషి. పాలవాడు ఆలస్యంగా వస్తే వాడి తాతముత్తాతల దగ్గర్నుంచి మొదలుపెడుతుంది. మేస్త్రిని చూస్తే ఏం దులిపేస్తుందోనని కోర్టమ్మ భయపడింది.

చలవమేస్త్రి గుమ్మం దగ్గరే ఆగాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. తనే రెండడుగులు వేసి, మంచం కాళ్ళ వైపు వంగి, కట్టు అంచును వేళ్ళతో తాకి కళ్ళకద్దుకున్నాడు.

"పెద్దమ్మగారూ, తప్పు మాదే. ఇవాళ తేలింది. మీ వయసులో ఇంత నొప్పి పెట్టాం. మా అమ్మే ఉంటే నన్ను గుమ్మం తొక్కనిచ్చేది కాదు. మీరు నాలుగు తిట్టండి, పడతాను."

అత్తగారు తిట్టలేదు. విసనకర్ర ఆగిపోయింది. మెల్లిగా మొహం గోడవైపు తిప్పుకుంది. అది కోపమే అనుకున్నాడు మేస్త్రి. అనుకోక ఏం చేస్తాడు? వెనక్కి అడుగులు వేసుకుంటూ బయటికి వచ్చాడు.

"నిచ్చెన ఇక్కడే ఉండనివ్వండి మేడం. కింద పెరట్లోకి వెళ్ళి పైపులోంచి నీళ్ళు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకుని, వచ్చి తీసుకుపోతాను. వీధి సంఘం వాళ్ళకి కూడా సాయంత్రం నేనే చెప్పేస్తాను, తప్పు మాదేనని. మీరు మళ్ళీ శ్రమపడి రావక్కర్లేదు."

ఆయన మెట్లు దిగిన చప్పుడు వినపడుతుండగానే గదిలోంచి పిలుపు వచ్చింది.

"అమ్మాయ్. ఇలా రా. తలుపు దగ్గరికెయ్యి."

కోర్టమ్మ వెళ్ళి మంచం పక్కన నిలబడింది. అత్తగారు ఇంకా గోడవైపే చూస్తోంది.

"అతను వెళ్ళాడా?"

"కిందకి దిగాడు."

"నా కాలికి దణ్ణం పెట్టాడే."

"చూశాను."

"ఈ కాలు దణ్ణాలు పెట్టించుకునే కాలు కాదు." ఆవిడ ఇటు తిరిగింది. కళ్ళ చుట్టూ తడి. "నేను హాల్లో జారలేదు."

కోర్టమ్మకు అర్థం కాలేదు. "అదేమిటి అత్తయ్యా? నేను కోర్టునుంచి వచ్చేసరికి మీరు హాల్లోనే కదా పడి ఉన్నారు, ఆ నీళ్ళలో."

"పడి ఉన్నాను. అక్కడ పడలేదు. వంటింట్లో స్టూలు మీంచి పడ్డాను."

"స్టూలెందుకెక్కారు?"

అత్తగారు చిన్నపిల్లలా పెదవి కొరుక్కుంది. "నువ్వు షుగరని చెప్పి పై అరలో, పిండి డబ్బా వెనక దాచావు చూడు, క్రీము బిస్కెట్లు. నువ్వు కోర్టుకెళ్ళగానే ఎక్కాను. డబ్బా అందింది, కాలు జారింది. కాల్లో ఏదో పుటుక్కుమంది. ఫోను హాల్లో ఉంది కదా అని డేక్కుంటూ డేక్కుంటూ వచ్చాను. నేను సగం దూరం వచ్చేసరికి ఆ సీలింగు ఊడి నా ముందరే పడింది. ఇంకొంచెం ముందొస్తే నెత్తినే పడేది. ఆ నీళ్ళలోంచి ఫోను దాకా వెళ్ళలేక అక్కడే ఉండిపోయాను. నువ్వు వచ్చి, అయ్యో నీళ్ళలో జారారా అత్తయ్యా అన్నావు. నేను ఊ అన్నాను."

"ఊ అన్నారు."

"అంతే అన్నాను. తర్వాతదంతా మీరే అనుకున్నారు. డాక్టరుకి నువ్వు చెప్పావు, నా కొడుక్కి నువ్వు చెప్పావు, వీధంతటికీ నువ్వు చెప్పావు. నేను మధ్యలో కాదని ఎలా అనను? బిస్కెట్టు కోసం కాలు విరగ్గొట్టుకున్న ముసలిదని పిల్లా జెల్లా నవ్వుతారని నోరు కట్టుకున్నాను. ఎవడో మేస్త్రి కదా, నాలుగు తిట్లు తిని ఊరుకుంటాడు, మనకేంలే అనుకున్నాను. తమ్ముణ్ణి కొట్టాడంటే విన్నావుగా. నిద్రపోతున్నానని అనుకుని ఉంటారు మీరు. అంతా విన్నాను." ఆవిడ కోడలి చెయ్యి పట్టుకుంది. "వెళ్ళి చెప్పవే. మా అత్తగారు పడింది మీ నీళ్ళలో కాదు అని చెప్పు. నేను లేవలేను, లేకపోతే నేనే వెళ్ళేదాన్ని."

కోర్టమ్మ ఆ చేతిని విడిపించుకోలేదు. ఆ నిమిషంలో ఆమె మనసులో కదిలిన ఆలోచనకు తర్వాత ఎంతకాలానికీ తనను తాను క్షమించుకోలేకపోయింది. ఆలోచన ఇది: అత్తగారి మాట ఒక్కటీ చెప్తే చాలు కదా. కాలు విరగడం మేస్త్రి తప్పు కాదని తేలుతుంది. ఫిర్యాదులో సగం కొట్టుకుపోతుంది. మిగతా సగానికి ఏదో ఒకటి సర్దిచెప్పవచ్చు. వాషింగ్ మెషీన్ అడుగున ఉన్నది అక్కడే ఉంటుంది. తప్పు ఒప్పుకున్నది అత్తగారు, మంచిపేరు వచ్చేది కోడలికి.

చూడబోతే ఎంత సులువుగా ఉంది. అంత సులువుగా ఉందనే ఆమెకు ఒళ్ళు జలదరించింది. ఈ ముసలావిడ బిస్కెట్ల సంగతి చెప్పడానికి సిగ్గుతో చితికిపోతూ కూడా చెప్పింది. తను చదువుకుంది, ఉద్యోగం చేస్తోంది, నలుగురికీ న్యాయం చెప్తోంది. అడిగితే తెలియదంది.

ఆమె మంచం అంచున కూలబడింది.

"అత్తయ్యా, సీలింగు పడింది కూడా అతని వల్ల కాదు."

"మరి?"

"నా వల్ల."

గుడ్డ సంగతి మొదలుపెట్టింది. కిందింటావిడ బతిమాలడం, తను కుక్కడం, మరిచిపోవడం, ఈ పూట పీకి దాచడం, మేస్త్రి అడిగినప్పుడు తెలియదనడం, ఏదీ వదలకుండా చెప్పింది. వినేవాళ్ళ మొహం చూస్తూ చెప్పడం ఎంత కష్టమో మొదటిసారి తెలిసింది. చూసి ఉంటే మధ్యలోనే ఆపేసేది.

అత్తగారు విసనకర్ర పక్కన పెట్టింది. తిడుతుందేమో, కొడుకు రాగానే చెప్తానంటుందేమో అని కోర్టమ్మ ఎదురుచూసింది. తిట్టినా బాగుండుననుకుంది.

"అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారు," అంది చివరికి అత్తగారు. "ఈ ఇంటికొచ్చినప్పటినుంచి నువ్వొకటంటే నేనొకటి అంటూనే ఉన్నాం. ఒక్క విషయంలో కలిశామే మనిద్దరం. ఇద్దరం కలిసి ఎవరి కుండో పగలగొట్టాం."

కోర్టమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి, రెండూ సగంలో ఆగిపోయాయి.

"ఆయనకి ఎలా చెప్పను అత్తయ్యా? రేపు వస్తారు. ఏమనుకుంటారో."

"నా కొడుకు సంగతి రేపు. కిందున్నవాడి సంగతి ఇప్పుడు. ఎంత ఆలస్యం చేస్తే అంత నోరు పెగలదు, నన్ను చూస్తున్నావుగా. ఇన్నాళ్ళు ఊ అన్న మాటని మోసుకుంటూ పడుకున్నాను. కాలి నొప్పి కంటే అదే ఎక్కువ సలిపింది. లే. రెండూ చెప్పు. నాది ముందు చెప్పకు, నీ మాట చప్పగా వినపడుతుంది. నీది ముందు చెప్పు."

కోర్టమ్మ లేచింది. వాషింగ్ మెషీన్ మూత తెరిచింది. బట్టలన్నీ నేల మీదకి లాగి, అడుగునుంచి గుడ్డ తీసింది. ఊరికే నోటితో చెప్తే చాలదనిపించింది, చూపించాలి. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది.

దిగుతూ మాటలు కూర్చుకుంది. మేస్త్రిగారూ, నేను అబద్ధం చెప్పాను. కాదు, అది బాలేదు. మేస్త్రిగారూ, మీ తమ్ముడు నిజమే చెప్పాడు. అవును, అదే ముందు చెప్పాలి. ఆయనకు అన్నిటికంటే కావలసింది ఆ మాటే. ఆ తర్వాత తిట్టినా, మొహాన ఉమ్మేసినా పడాలి. సాయంత్రం సంఘం వాళ్ళ దగ్గరకు తనే వెళ్ళాలి. బడివాళ్ళ దగ్గరకూ వెళ్ళాలి. తమ్ముడు ఎక్కడున్నాడో కనుక్కుని ఆ గుమ్మం దగ్గరా నిలబడాలి. మెట్టు మెట్టుకూ ఆమెకు చెయ్యవలసింది పెరుగుతోంది గానీ, గుండెమీది బరువు మాత్రం ఒకింత తగ్గుతోంది.

మెట్ల మలుపు తిరిగేసరికి పెరట్లోంచి కిందింటావిడ గొంతు వినపడింది. ఆరేసిన బట్టలు తీస్తూ, ఎవరితోనో తీరిగ్గా కబుర్లు చెప్తోంది.

"...మా పైవాళ్ళ గురించి నా దగ్గర ఒక్క చెడ్డమాట వినపడదు బాబూ. కోర్టమ్మ మనసు వెన్న. మా మనవడి పుట్టినరోజునాడు ఈ పైపు నీళ్ళు సరిగ్గా కేకు పెట్టే బల్ల మీద పడుతుంటే, వెళ్ళి అడగ్గానే ఒక్కమాట అనకుండా, తన చున్నీయే చింపి ఇదుగో ఆ కన్నంలో కుక్కింది. మళ్ళీ చుక్క పడితే ఒట్టు. ఆ తర్వాత పాపం వాళ్ళ సీలింగు పడటం, పెద్దావిడ కాలు, ఆ గొడవల్లో మళ్ళీ తియ్యటం మరిచిపోయినట్టుంది. ఇందాకే తీసినట్టుంది, భళ్ళుమని బోలెడు నీళ్ళు పడ్డాయి నా బట్టల మీద. అయినా నేనేం అనలేదు. ఒకరికొకరం సర్దుకోవాలి కదా."

కోర్టమ్మ ఆ మెట్టు మీదే ఆగిపోయింది.

చలవమేస్త్రి పైపు కింద నిలబడి ఉన్నాడు. పైనుంచి రాలిన చుక్క ఒకటి ఆయన భుజం మీద పడింది. తుడుచుకోలేదు. కిందింటావిడ వైపు చూస్తున్నవాడల్లా, అడుగుల చప్పుడు ఆగడం విని, నెమ్మదిగా తల తిప్పాడు. ముందు ఆమె మొహం చూశాడు. తర్వాత చేతిలోని నీలం గుడ్డ చూశాడు. మళ్ళీ మొహం చూశాడు.

ఆమె కూర్చుకున్న మాటలన్నీ ఆయనకు వేరే నోటినుంచి అందిపోయాయి. చెప్పడానికే దిగానంటే ఇప్పుడు ఎవరు నమ్ముతారు?

కిందింటావిడ ఆమెను చూసి, "అదుగో, మాటల్లోనే వచ్చింది, నూరేళ్ళు," అని నవ్వింది. ఆవిడ నవ్వుతోంటే మిగతా ఇద్దరూ నవ్వలేదు.

చలవమేస్త్రి గొంతు పెంచలేదు. తమ్ముణ్ణి కొట్టిన ఆ కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, ఆమెకు మాత్రమే వినపడేటట్టు అడిగాడు.

"మీరు నాకు చెప్పటానికి దిగి వస్తున్నారా మేడం, నేను వెళ్ళిపోయానో లేదో చూసి ఆ గుడ్డ పారెయ్యటానికి వస్తున్నారా?"